గొంగడి కప్పిన టెలిఫోన్: రాజలింగం సార్ స్మృతి

గత గురువారం ఉదయం బడికి బయలుదేరుతుంటే, మా తెలుగు సంఘం అధ్యక్షులు పోశెట్టిగారు, మేమంతా వరుస గదుల్లో కాపురముండే చాల్ మెట్ల దగ్గర నన్ను ఆపి, "టీచర్, సార్ పోయిండు" అన్నారు. ఏ సార్ అని నేను అడగలేదు. బొంబాయి కామాఠిపురా తెలుగువాళ్ళలో పేరు చెప్పకుండా ఉత్త 'సార్' అంటే రాజలింగం సార్ ఒక్కరే. ముందురోజు సాయంత్రమే గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట కూరగాయలు బేరమాడుతూ కనిపించారు. "ఆదివారం రాండ్రి టీచర్, కొత్త ఫ్లాపీలొచ్చినయ్" అని పిలిచారు కూడా. తెల్లవారేసరికి గుండె ఆగిపోయిందంటే మనసు ఒప్పుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకుందని చెప్పలేను.

పాలమూరు నుంచి రాళ్ళు మోసే పనికి వచ్చిన కుటుంబంలో పుట్టి, మా గల్లీలోని మునిసిపల్ తెలుగు బడిలో చదివి, ఆ బడిలోనే గణితోపాధ్యాయులై, అక్కడే పదవీ విరమణ చేశారు. పక్క తరగతిలో నేను తెలుగు చెప్పేదాన్ని. శాంతమూర్తి, మితభాషి అని రాయడం ఇలాంటి వ్యాసాల్లో ఆనవాయితీ గానీ, అలా రాస్తే ఆయనే లేచి వచ్చి దిద్దుతారు. విపరీతంగా మాట్లాడేవారు, వాదించేవారు, వాదనలో ఓడితే మూతి ముడుచుకునేవారు. ఆయన విద్యాదీక్ష మాత్రం నిష్కళంకం. "రాని పిల్లలు ఉండరు టీచర్. లెక్క లోపల ఏమైతుందో మనం చూపియ్యం, గంతే" అనేవారు.

విరమణానంతరం ఆయనకు కంప్యూటర్ పిచ్చి పట్టింది. ఫోర్ట్‌లో ఒక ఆఫీసువాళ్ళు పాతదని పక్కన పెట్టిన యంత్రాన్ని పూర్వ విద్యార్థి ఒకాయన ఇప్పించారు. తోపుడు బండి మీద, సార్‌గారి నల్ల గొంగడి కప్పుకుని, అది ఫోరస్ రోడ్ మీదుగా ఊరేగుతూ వచ్చి మా సంఘం గదిలో దిగింది. తెలుగు బడి ఆడపిల్లలు పదో తరగతి కాగానే ఇళ్ళల్లో పనులకు పోకుండా, ఈ విద్య పట్టుకుని ఏదైనా ఆఫీసులో కూర్చోవాలని ఆయన తపన. అయితే ఆ గది మీద కేరంబోర్డు యువకుల కన్ను కూడా ఉంది. సభలో పెద్ద రగడే జరిగింది. చివరికి పోశెట్టిగారు తీర్పు చెప్పారు: "సార్, దసరా లోపట మీ డబ్బా బయటి డబ్బాతోని మాట్లాడాలె. లేకుంటే ఖోలీ కేరం పోరగాళ్ళకు."

ముందు ఆ డబ్బాకు ప్రాణం పోసే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచుకోవాలి. ఆఫీసులన్నీ వాడే కంపెనీ సరుకు ఒకటి సిద్ధంగా ఉంది. సార్ మాత్రం, ఒక పరదేశపు ఆచార్యుడు విద్యార్థుల కోసం రాసి, లోపలి రాతంతా ఎవరైనా చదివి మార్చుకునేలా తెరిచిపెట్టిన చిన్న సిస్టమ్‌ను ఫ్లాపీల్లో తెచ్చుకున్నారు. "కొత్తగా నేర్చుకునే పిల్లలకు అందరూ వాడేదే సులువు కదండీ" అని నేను వాదానికి దిగాను.

"అది మంచిగనే నడుస్తది టీచర్. గని తప్పైతె తలుపేసుకుంటది. ఇది తప్పైతె లోపటికి తోల్కపోయి ఎక్కడ తప్పైందో చూపిస్తది. కొత్తోళ్ళకు ఏది అల్క?" అన్నారు. ఆ రోజు మూతి ముడుచుకున్నది నేను.

రెండోది, దాన్ని బయటి లోకంతో కలపడం. ఒక కాలేజీవాళ్ళు తమ పెద్ద కంప్యూటర్‌తో సాయంత్రం ఒక గంట మాట్లాడుకోనిచ్చారు. టెలిఫోన్ రిసీవరును రెండు రబ్బరు గుంటల్లో బోర్లించే మోడెం ఒకటి దొరికింది. మన యంత్రం కీచుమని కూస్తే, ఆ కూతను ఫోన్ మోసుకుపోయి అక్కడి యంత్రానికి వినిపిస్తుంది. చిక్కేమిటంటే, చాల్ మొత్తానికి ఫోన్ ఆ గదిలోనిదొక్కటే. ఊరి నుంచి ట్రంక్ కాల్ వస్తే అందరూ చుట్టూ మూగి తలా ఒక కేక వేయడం మా ఆచారం. మొదటిరోజు రిసీవరు పడుకోబెట్టగానే, ఎవరికో కాల్ వచ్చిందనుకుని జనం వచ్చిపడ్డారు. "మల్లేశా, పానం మంచిదేనా? వానలు పడ్డయా?" అని ఆ మోడెంలోకే అరిచారు. తెరనిండా పిచ్చి అక్షరాలు కురిశాయి. మర్నాటి నుంచి సార్ ఆ గొంగడినే నాలుగు మడతలు వేసి ఫోన్‌కు కప్పడం మొదలుపెట్టారు. గొంగడి కొంత చప్పుడును ఆపింది, మా చాల్‌ను ఆపలేకపోయింది.

అలా నిరుడు బతుకమ్మ పండుగ చివరిరోజు, సద్దుల బతుకమ్మ వచ్చింది. మర్నాటి నుంచి కాలేజీకి దసరా సెలవులు కాబట్టి గడువుకు అదే ఆఖరి సాయంత్రం. కాలేజీ ఇచ్చిన గంటలోనే వాకిట్లో ఆడవాళ్ళ ఆట మొదలైంది. పాట, చప్పట్లు, తెరమీద మళ్ళీ పిచ్చి అక్షరాలు. పండుగ ఆపమని అడగడానికి సార్‌కు నోరు రాలేదు. తీగలు ఊడదీయబోతూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. పాట ఎత్తుకునే బాలవ్వ చూసి, "ఏమైంది సారూ?" అంది.

"మీ చప్పుడు దాని చెవుల పడుతున్నదవ్వా. రేపు ఖోలీ పోతది. కానియ్యుండ్రి, మీ పండుగ మీది."

బాలవ్వ మనవరాలు పుష్ప లోపల కంప్యూటర్ ముందే కూర్చుని ఉంది. బాలవ్వ ఆడవాళ్ళవైపు తిరిగింది. "బతుకమ్మను నడుమ ఆపొద్దు. నోట్లనే పాడుకోండ్రి. చప్పట్లు కొట్టకుండ్రి" అంది. నేనూ ఆ వలయంలో ఉన్నాను. పెదవులు కదులుతున్నాయి, చేతులు దగ్గరికి వచ్చి తాకకుండా విడిపోతున్నాయి, పాదాలు తిరుగుతున్నాయి. నేను పుట్టి పెరిగిన ఈ చాల్‌లో అంతటి నిశ్శబ్దం ఎన్నడూ ఎరుగను. లోపల తెర తేటపడి, పేరు చెప్పమని కాలేజీ యంత్రం అడిగింది. పుష్ప తెలుగు మరిచిపోయి "ఆలా సార్, ఆలా!" వచ్చింది, వచ్చింది అని మరాఠీలో కేక పెట్టింది. ఆ కేకకే మళ్ళీ పిచ్చి అక్షరాలు కురిశాయి. అయితేనేం, గడువు తేల్చడానికి వచ్చి పుష్ప వెనకే నిలబడ్డ పోశెట్టిగారు ఆ ప్రశ్నను కళ్ళారా చూశారు. గది దక్కింది. సార్ గొంగడిలో మొహం దాచుకుని ఏడ్చారు.

ఇప్పుడు పుష్ప ఆ గదిలో చిన్నపిల్లలకు పాఠం చెబుతోంది. తప్పు చేసిన పిల్లను తిట్టదు, లోపలికి తీసుకుపోయి చూపిస్తుంది. సార్ వంటి గురువు మా గల్లీకి మళ్ళీ రారు. ఈ మాట మర్యాదకు రాయడం లేదు. నాకు ఆయన లేని లోటు ప్రతి సాయంత్రం తెలుస్తోంది.

మొన్న ఈ ఏటి పండుగ మొదటిరోజు, ఎంగిలిపూల బతుకమ్మ. పూలు వాకిట్లో పెట్టాక పాట కోసం అందరం బాలవ్వ వైపు చూశాం. ఆమె పాట ఎత్తలేదు. సంఘం గది తలుపు వైపు ఒకసారి చూసి, "మొదటి చుట్టు సారుది" అంది. చప్పట్లు లేకుండా, పెదవులతోనే పాడుకుంటూ, వాకిలంతా ఒక్క చుట్టు తిరిగాం.