లాకు పడని చెయ్యి

మా మావగారు గవరయ్యగారితో పదమూడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాను. ఓపిక గురించి నాకెవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. హౌరా పక్కన లిలువాలో రెండు గదుల ఇల్లు మాది. మా ఆయన భాస్కరరావు అక్కడి రైల్వే వర్క్‌షాపులో పని చేస్తాడు. నేను పార్వతీపురం నుంచి పెళ్లయి వచ్చాను. నా పేరు నీరజ, కానీ ఈ సందులో నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ బౌదిని, అంటే వదినని. మా అమ్మాయి మనోజ్ఞకి పదకొండేళ్లు. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవమంటే ఏడుపు మొహం పెడుతుంది. నా దిగులు అది. మా మావగారి దిగులు వేరు. దేవుడు మనుషుల్ని చేసేటప్పుడు ఇంటర్‌లాకింగ్ ఎందుకు పెట్టలేదని ఆయన దిగులు.

ఆయన రైల్వేలో సిగ్నల్ ఫిట్టరుగా ముప్పై నాలుగేళ్లు చేశారు. కేబిన్‌లో వరసగా లీవర్లు ఉంటాయట. ఒక బండికి దారి ఇస్తూ ఒక లీవరు లాగితే, ఆ దారికి అడ్డొచ్చే బండి లీవరు దానంతటదే బిగుసుకుపోతుంది. కేబిన్‌లో మనిషి తాగి ఉన్నా, పెళ్లాంతో దెబ్బలాడి వచ్చినా, కావాలని ఒళ్లంతా వేసి లాగినా అది కదలదు. ఇంటర్‌లాకింగ్ అన్నా, లాకు పడడమన్నా అదే. ఆ లాకులకి నూనె పెట్టడం, అవి పడుతున్నాయో లేదో పరీక్ష చెయ్యడం మావగారి పని. పరీక్ష అంటే మరేం లేదు, లాగకూడని లీవరుని పనిగట్టుకుని లాగి చూడాలి. కదలకపోతే సంతకం పెట్టి రావాలి. ముప్పై నాలుగేళ్లు రోజూ తప్పు చెయ్యాలని చూశాననీ, ఒక్క రోజు కూడా చెయ్యలేకపోయాననీ ఆయన అందరికీ గొప్పగా చెప్పుకుంటారు.

రిటైరయ్యాక ఆ పని మా ఇంటి మీద పడింది. వీధి తలుపు గడియ నుంచి వంటింట్లో గ్యాసు సిలిండరు దాకా గోడ వెంట ఒక ఇనుప తీగ లాగి, సిలిండరు కట్టెయ్యనిదే గడియ రాకుండా చేశారు. గ్యాసు వదిలేసి ఎవరూ బయటికి పోకూడదట. ఆలోచన మంచిదే. కానీ పొయ్యి మీద పాలు పెట్టుకుని ఉండగా ఎవరైనా తలుపు కొడితే నా గతేమిటి? పొయ్యి ఆర్పి, సిలిండరు కట్టి, పరిగెత్తుకొచ్చి తలుపు తీసేసరికి కొరియరు మనిషి వెళ్లిపోయి ఉండేవాడు. నేను గిన్నెలు ఎత్తి కుదేసేదాన్ని. మా అత్తగారు అప్పమ్మగారు వచ్చి ఆయన్ని నాలుగు తిట్టి తీగ పీకించేవారు. వారం తిరక్కుండా ఈయన మళ్లీ కట్టేవారు. ఆయన్ని ఒక మాట అని ఆపగలిగిన మనిషి ఆవిడ ఒక్కరే.

ఆ మనిషిని కిందటేడు పోగొట్టుకున్నాం. దుర్గాపూజ వెళ్లిన రెండో ఆదివారం, హౌరాలో మా తెలుగు చర్చిలో ఆరాధన ముగించుకుని మధ్యాహ్నం ఇద్దరూ తిరిగొచ్చారు. టోటో, అదే ఆ బ్యాటరీ రిక్షా దిగి సందులోకి నడుస్తున్నారు. వెనకనుంచి ఒకడొచ్చి ఆవిడ మెళ్లో గొలుసు పట్టుకుని లాగాడు. తెగలేదు. మళ్లీ లాగాడు. గొలుసు తెగింది, ఆవిడ కాలవ గట్టు మీద పడ్డారు. వాడు పరిగెత్తి, మలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి మావగారి మొహం చూసి, పోయాడు. అత్తగారికి తుంటి ఎముక విరిగింది. ఆపరేషనైంది. నలభై ఒక్క రోజులు మంచం మీద ఉండి చనిపోయారు. పట్టపగలు, చేతిలో బైబిలు ఉండగా, ప్రార్థన చేసుకుని వస్తున్న మనిషి. నాకు ఇప్పటికీ కడుపు మండిపోతూనే ఉంటుంది.

మావగారు ఏడవలేదు. పాస్టరుగారిని పట్టుకున్నారు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ చెప్పులేసుకుంటున్న వేళ, ఆయన్ని గుమ్మం దగ్గర ఆపి ఒకటే ప్రశ్న. మొదటిసారి లాగినప్పుడు తెగలేదు కదా, రెండోసారి లాగేలోపల టైముంది కదా, అప్పుడు లాకు ఎందుకు పడలేదు? నాబోటి ఫిట్టరు చెయ్యగలిగిన పని దేవుడికి చేతకాలేదా? పాస్టరుగారు నెమ్మదైన మనిషి. దేవుడు మనల్ని బొమ్మల్లా చెయ్యలేదనీ, ఆయన వెంట నడవాలో వద్దో ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చాడనీ, ఆ స్వేచ్ఛలోనే చెడు చేసే వీలు కూడా ఉందనీ ఎనిమిది ఆదివారాలు చెప్పారు. తొమ్మిదో ఆదివారం ఆయనకీ విసుగొచ్చింది.

"కదలకుండా కట్టేసినవాణ్ణి మంచివాడని ఎవరైనా అంటారా, గవరయ్యగారూ?" అన్నారు.

"రెండు బళ్లూ గుద్దుకోకండా ఉంటే సాలండి. లీవరు మంచిదా సెడ్డదా అని మాం ఎప్పుడూ అడగలేదు" అన్నారు మావగారు.

నేను తల దించుకుని చీర కొంగు సర్దుకుంటూ నిలబడ్డాను. సిగ్గేసింది. నిజం చెప్పాలంటే పాస్టరుగారి జవాబు నాకూ నచ్చలేదు. ఎంచుకున్నవాడు ఆ దొంగ. కాలవ గట్టు మీద పడినావిడ మా అత్తగారు. ఆవిడ ఎంచుకున్నదేముంది అందులో? కానీ జవాబు దొరకని ప్రశ్నని వారం వారం ఇంటికి మోసుకొచ్చి, అన్నం ముందు పెట్టుకుని కూర్చునే మనిషితో ఎలా వేగడం?

ఇలా ఉండగా ఫిబ్రవరిలో ఆశిష్ దా మా ఇంటికి వచ్చాడు. దా అంటే అన్న. మా సందు క్లబ్బుకి అతను సెక్రటరీ. పూజకి పందిరి వెయ్యాలన్నా, కుళాయి రాకపోయినా, ఎవరైనా పోయినా ముందు అతనే ఉంటాడు. మా అత్తగారిని ఆసుపత్రికి ఎత్తుకెళ్లిన నలుగురిలో ఒకడు. మావగారిని మేసోమొశాయ్ అని, సొంత బాబాయిని పిలిచినట్టు పిలుస్తాడు. అతను తెచ్చిన కబురు ఏమిటంటే, మృత్యుంజయ అనే వ్యాన్ రిక్షావాడిని, అంటే సామాన్ల బల్ల రిక్షా తొక్కేవాణ్ణి, ఎవరిదో ఫోను కొట్టేసిన కేసులో పోలీసులు పట్టుకున్నారు. గొలుసు లాగింది కూడా వాడేనని సందంతా అనుకుంటున్నారు. మావగారు ఒక్కరే వాడి మొహం చూశారు గనక, జైల్లో వరసగా మనుషుల్ని నిలబెట్టి, మేజిస్ట్రేటు ముందు గుర్తుపట్టమంటారు. ఫోను కేసైతే నెల్లాళ్లలో బయటికొచ్చేస్తాడు, ఇదైతే రాడు. చెప్పడం అయ్యాక ఆశిష్ దా తన ఫోనులో వాడి ఫొటో చూపించాడు. ఎడమ చెవి తమ్మె చీలి ఉంటుంది, ఆ చెవి గుర్తుంచుకోండి, చాలు అన్నాడు.

మావగారు ఆ ఫొటోని కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూశారు. అతను వెళ్లిపోయాక, వీడు కాదు అన్నారు. తను చూసినవాడి చెవులు రెండూ బాగానే ఉన్నాయట. కనుబొమలు కలిసి ఉన్నాయట. వయసులో కూడా వీడి కంటే చిన్నవాడట.

నా గురించి ఇక్కడ మంచిగా రాసుకోవచ్చు. రాసుకోను. మృత్యుంజయ ఎవరో నాకు బాగా తెలుసు. తాగి పెళ్లాన్ని వీధిలోకి ఈడ్చుకొచ్చి కొట్టడం రెండుసార్లు కళ్లారా చూశాను. మనోజ్ఞ ట్యూషన్‌కి వెళ్లే దారిలో వ్యాన్ మీద కాళ్లు చాపుకుని కూర్చుని, వచ్చే పోయే ఆడపిల్లల్ని చూస్తూ పాటలు పాడతాడు. వాడు లోపల ఉంటే సందుకి పట్టిన పీడ వదులుతుంది. అందుకని మావగారికి అన్నం వడ్డిస్తూ చెప్పాను.

"వాడు దొంగే కదా, మావయ్యా. ఇది కాకపోతే ఇంకోటి చేసేడు. చూపించీసి వచ్చీండి. అత్తయ్య ఆత్మకేనా శాంతుంటాది."

ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. ఆయన చెయ్యి కంచంలో అలాగే ఉండిపోయింది. మావగారు మా ఆయన్ని అడిగితే, నీ ఇష్టం నాన్నా అని స్నానానికి వెళ్లిపోయాడు. ఆ మనిషి ఎప్పుడూ అంతే. మూడు రోజులు నేనే సతాయించాను. చెవి, ఎడమ చెవి అని టీ ఇచ్చేటప్పుడల్లా గుర్తు చేశాను. నాలుగో రోజు ఆయన సరే అన్నారు. తనక్కూడా ఎవడో ఒకడు దొరికితే చాలనిపిస్తోందనీ, చూపించేసి వస్తాననీ అన్నారు. నాకు గుండెల మీంచి బరువు దిగింది.

ఆ గుర్తుపట్టే పరేడ్ రోజు ఆయన్ని నేనే తీసుకెళ్లాను. జైలు గేటు పక్కన రేకుల షెడ్డు కింద బల్ల మీద నన్ను కూర్చోబెట్టి, ఆయన్ని మాత్రం లోపలికి పంపారు. ఆయన సంచీ, గొడుగు ఒళ్లో పెట్టుకుని నలభై నిమిషాలు కూర్చున్నాను. తప్పు చేయిస్తున్నానన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది, దాన్ని పక్కకి నెట్టేశాను. మనోజ్ఞ రేపటి నుంచి ట్యూషన్‌కి నిశ్చింతగా వెళ్తుందని దాని మీద ఇంకో ఆలోచన వేశాను.

ఆయన బయటికొచ్చి నా పక్కన కూర్చున్నారు. మంచినీళ్లు అడిగి తాగారు. చూపించారా అన్నాను. లేడని చెప్పాను అన్నారు.

ఇక నేను ఏమన్నానో అన్నీ రాయలేను. ముసలితనంలో ఈ మొండితనం ఏమిటన్నాను. నాలుగు రోజులు నా ప్రాణం తీసి, సరేనని చెప్పి, ఇంతదూరం వచ్చి చేసిన నిర్వాకం ఇదా అన్నాను. మనవరాలి మీద ఏమాత్రం ప్రేమ ఉన్నా ఇలా చేసేవారు కాదన్నాను. పక్క బల్ల మీద కూర్చున్నవాళ్లు తెలుగు రాకపోయినా తిరిగి చూశారు. ఆయన అన్నీ విని, నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు, నెమ్మదిగా మొదలుపెట్టారు.

మేజిస్ట్రేటు ఒకావిడట. హిందీలో నిదానంగా చెప్పిందట. అందరినీ చూడండి, ఆ మనిషి ఉంటే భుజం మీద చెయ్యి వెయ్యండి, లేకపోతే లేడనండి, మిమ్మల్నెవరూ బలవంతపెట్టరు అని. పదిమంది నిలబడ్డారట. మృత్యుంజయ నాలుగోవాడు, నేల చూపులు చూస్తున్నాడట.

"సెవి సూసేను. నాలుగోవోడి కాడ ఆగి సెయ్యెత్తేను. ఆడి భుజం దాకా పోనాది. ఎక్కడా ఆగలేదమ్మా. డూటీలో లాగినట్టే లాగేను, ఇప్పుడేనా లాకు పడతాదేటోనని. పడలేదు."

తన కుడి చెయ్యి ఎవరిదో అన్నట్టు చూసుకున్నారు.

"మీ అత్త పోయిన కాడ్నుంచీ దేవుణ్ణి అడుగుతున్నాను, ఆ దొంగోడి సెయ్యెందుకు పట్టుకోలేదు తండ్రీ అని. ఇయ్యాళ నా సెయ్యీ పట్టుకోలేదు. నానే దించుకోవలిసొచ్చింది."

అయితే మీ ప్రశ్నకి జవాబు దొరికినట్టేనా అని వెటకారంగా అడిగాను. నా కోపం ఇంకా చల్లారలేదు. ఇది జవాబు కాదన్నారు. అప్పమ్మకి చెప్పదగిన జవాబు ఇంకా రావాలనీ, ఆదివారం మళ్లీ అడుగుతాననీ అన్నారు. బస్సులో నా భుజం మీదికి తల వాల్చి నిద్రపోయారు. నాకు ఆయన మీద కోపం, దేవుడి మీద కోపం, అన్నిటికీ మించి ఆ చెవి గురించి టీ ఇచ్చినప్పుడల్లా గుర్తు చేసిన నా నోటి మీద అసహ్యం. ఆ నోటికీ ఎవరూ లాకు వెయ్యలేదు.

సందు మొదట్లో, క్లబ్బు ముందు ఆశిష్ దా ఇంకో నలుగురితో కేరమ్‌బోర్డు దగ్గర ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి వచ్చాడు. మావగారి మొహం చూసి అతనికి సంగతి అర్థమైపోయింది. పాపం, కోప్పడలేదు. పెద్దవారు, చూపు సరిగ్గా ఆనదు, మళ్లీ ఒకసారి చూపించమని అడుగుదాం, నేను వకీలుతో మాట్లాడతాను, సరేనా బౌది అన్నాడు. నేను తలూపితే చాలు. మావగారి పరువు నిలుస్తుంది, క్లబ్బువాళ్లతో మాట రాదు, ఇంకోసారి అవకాశం కూడా వస్తుంది. నిజానికి తలూపబోయాను.

"ఆయన చూపు బాగానే ఉంది. బాగా చూశారు. వాడు కాదు" అన్నాను బెంగాలీలో.

ఆశిష్ దా మొహం మారిపోయింది. ఆలోచించే మాట్లాడుతున్నారా అన్నాడు. నెల తిరిగేసరికి వాడు ఈ సందులోనే ఉంటాడు, మీ అమ్మాయి ఈ దారినే వెళ్తుంది, రేపు ఏదైనా అయితే మా దగ్గరికి రాకండి అన్నాడు. వాడు వస్తాడు. తాగుతాడు, పాటలు పాడతాడు. అంతా తెలుసు.

"ఫొటో చూసినప్పుడే ఆయన కాదన్నారు. చూపించమని పోరుపెట్టింది నేను" అన్నాను.

ఆ రెండో మాట చెప్పమని నన్నెవరూ అడగలేదు.