అబ్బాయిగారు కోసిన కేబులు

మొన్న విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కినప్పుడు డ్రైవరు సీటు వెనక, గుడ్డపీలికతో చుట్టగా కట్టిన నల్లకేబులు కనబడింది. తక్కినవాళ్లంతా నీళ్లు చూస్తుంటే నేను దానినే చూస్తూ కూర్చున్నాను.

నా తొలి ఉద్యోగం ఆ రేవులోనే, లాంచీలకు వైరింగు పని. వెల్దుర్తి పక్కన తాతగారు ఏలిన చేలన్నీ నా చదువు ముగిసేసరికి పరులవైపోయాయి; మాకు మిగిలింది ఇస్త్రీ చొక్కా, నిటారు నడక. లాంచీ నడిపే సరంగు తండ్రి ఒకప్పుడు మా ఇంట పాలేరు. అందుకే రేవంతటిలో అతనొక్కడే నన్ను అబ్బాయిగారూ అని పిలిచేవాడు. ఆ పిలుపు నాకెంత ఇష్టమో ఎవరికీ తెలియనిచ్చేవాణ్ణి కాదు.

ఒకసారి నీటి లోతు చూపే మిషను వచ్చింది. పడవ అడుగున బిగించిన బిళ్ల నుంచి సరంగు ముందున్న తెర దాకా కేబులు లాగితే, ఇంకా నాలుగు బారలు మిగిలింది. అది వేలాడుతుంటే నా పనికే మచ్చ అనిపించి కటింగ్ ప్లేయరు తీశాను.

"కొయ్యమాకండి అబ్బాయిగారూ, మిగిలింది చుట్టి పెట్టమన్నారు మిషనోళ్లు. అతుకులోకి చెమ్మ దిగిద్దంట."

"నాకు నేర్పేంతవాడివయ్యావా?"

"వైరింగు మీది, నీళ్లు మావి. కానీయండి," అని నవ్వాడు.

మధ్యలో ఆ నాలుగు బారలూ కోసేసి, రెండు కొసలూ మెలేసి, టేపు చుట్టాను. చూడముచ్చటగా ఉంది. ముసురు పట్టిన ఒకరోజు తెర మీద అంకె కదలకుండా నిలిచిపోయింది. లోతుందనుకుని వెళ్లిన లాంచీ ఒడ్డు దగ్గర రాతికి తగిలి అడుగు చీలింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. విచారణకు ముందు నేను టేపు విప్పి చూశాను. రాగితీగ పచ్చగా చిలుము పట్టి ఉంది. చప్పుడు చేయకుండా మళ్లీ చుట్టేశాను.

మిషను సరిగా ఉందా అని అధికారి అడిగాడు. సరంగు ఒక్కసారి నావైపు చూశాడు. నేను చొక్కా కాలరు సర్దుకున్నాను.

"మిషను బానే ఉందండి. నేనే చూసుకోలా," అన్నాడు.

అతన్ని లాంచీ దింపేశారు. మూటాముల్లె సర్దుకుని దుర్గి వైపు బస్సెక్కుతూ కూడా నాకు దండం పెట్టాడు. అది మా ఇంటికి దక్కవలసిన మర్యాదే అనుకున్నాను, చానా ఏళ్లు.

మొన్న కాలు చాపుకోబోతే డ్రైవరు వెనక్కి తిరిగి కసిరాడు: "ఏంది పెద్దాయనా, వైరు తొక్కుతున్నావు! కాలు తియ్యి."

తీశాను. అబ్బాయిగారూ అనేవాళ్లు ఇప్పుడా రేవులో లేరు. అందుకు నాకు బాధ లేదు. ఆ రోజు కోయబోతుంటే సరంగుగారు కూడా నన్నిలాగే కసిరి ఉంటే ఎంత బాగుండేది!