నీళ్ళ తొట్టి దగ్గర జింకలు

మా చిన్నాయన పోయాడన్న కబురు మొన్న గురువారం పొద్దున వచ్చింది. నేను కువైట్‌లో, మిర్కాబ్‌లో ఆఫీసు ముందు కారు ఆపుకుని, లోపలికి వెళ్ళిన కఫీల్ కొడుకు కోసం కూర్చుని ఉన్నాను. కఫీల్ అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే అరబ్బు యజమాని. రాయచోటి దగ్గర మా ఊరి నుంచి చిన్నాయన కూతురు ఫోన్ చేసింది. "నాయన ల్యాడన్నా. కాఫీ ఇస్తామని పోతే పలకల్యా" అంది. సెలవు అడిగితే ఇచ్చేవారే. నేను అడగలేదు. టికెట్టు దొరికినా మట్టి వేసే వేళకు అందుకోలేనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆయన ముఖం చూడటానికి ధైర్యం చాలలేదు.

కువైట్‌కు నన్ను తెచ్చింది ఆయనే. అంతకు ముందు నాకు వేట నేర్పిందీ ఆయనే.

అప్పట్లో మా ఊరి వెనక గుట్టల్లో జింకలు మందలుగా తిరిగేవి. వేట తప్పని చట్టం అప్పటికే ఉంది, మా ఊళ్ళో ఎవరూ లెక్కచేసేవారు కాదు. నాకు ఇరవై ఏళ్ళు నిండిన ఏడు, నాటు తుపాకి భుజాన వేసుకుని నన్ను వెంట రమ్మన్నాడు చిన్నాయన. మొదటి నెలంతా తుపాకి ముట్టనివ్వలేదు. చిటికెడు దుమ్ము వదిలి గాలి ఎటు వీస్తోందో చూడటం, గిట్టల గుర్తుల్లో ఇవాళ్టివేవో నిన్నటివేవో పోల్చుకోవడం, దగ్గు వస్తే తువ్వాలు నోట్లో కుక్కుకోవడం. ఇదే నా పని. "జింకకు కండ్లు పెద్దవేగానీ, అది మనల్ని చూసేది ముక్కుతోరా" అనేవాడు. నేల మీది గుర్తులు చూసి, ఏది కుంటుతోందో, ఏది చూలుతో ఉందో చెప్పేవాడు. చూలుతో ఉన్నదాని జోలికి వెళ్ళేవాడు కాదు.

గుట్టల నడుమ ఒక చెలమ ఉండేది. ఎండాకాలంలో మందంతా అక్కడికే నీళ్ళకు దిగేది. ఇంత తిరుగుడెందుకు, అక్కడ పొంచి కూర్చుంటే పని అయిపోతుంది కదా అన్నాను ఒకరోజు. ఆయన నడుస్తున్నవాడల్లా ఆగాడు.

"ఆకలికి కొట్టినోనికి పాపం ఉండాది, ల్యాదనను. దప్పికయి వచ్చినదాన్ని కొట్టినోనికి ఆ పాపం తీరేది కాదు. నీళ్ళకాడ తుపాకి ఎత్తినావంటే మళ్ళా నా ఎంబడి రావద్దు."

నేను మొదటిసారి కొట్టింది ఒక పోతును. సంబరంగా అరవబోతే, భుజం పట్టి దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. "నీ పేరు చెప్పు దానికి" అన్నాడు.

"ఎందుకు చిన్నాయనా?"

"దాక్కోని కొట్టినాము. పేరన్నా దాయకుండా చెప్పాల. ఎవుడు కొట్టినాడో దానికి తెల్లాల."

సిగ్గుపడుతూ చెప్పాను. పోతు ముక్కు ఇంకా తడిగానే ఉంది.

వరసగా వానలు లేని ఏళ్ళలో చిన్నాయన కువైట్‌కు వచ్చేశాడు. ఊరి బయట ఎడారిలో, కబ్ద్‌లో ఒక కఫీల్‌కు తోట ఉంది. మేకలు, ఖర్జూరం చెట్లు, కంచె వేసిన దొడ్లో ముచ్చటకు పెంచుకునే జింకలు. వాటికి మేత వేసే పని ఈయనకు దొరికింది. "నవ్వొస్తాదిరా. కొట్టిన చేతులతోనే మేపుతాండా" అనేవాడు. రెండేళ్ళకు నాకూ వీసా తీయించి, అదే కఫీల్ ఆఫీసులో టీలు ఇచ్చే పనిలో పెట్టించాడు. నేను ఫర్వానియాలో ఎనిమిదిమందితో ఒక గదిలో ఉండేవాణ్ణి. శుక్రవారం వస్తే కబ్ద్‌కు పోయేవాణ్ణి. ఆయన దొడ్లోకి అడుగు పెడితే జింకలు వచ్చి చేతులు నాకేవి. నన్ను చూస్తే దూరం జరిగేవి.

1990 ఆగస్టులో కువైట్ మీదికి ఇరాక్ సైన్యం వచ్చింది. కఫీల్ కుటుంబమంతా సౌదీకి వెళ్ళిపోయింది. ఆఫీసు మూతపడింది, గదిలో సరుకులు అయిపోయాయి. ఒక లారీ ఎక్కి, మిగతా దూరం నడిచి, నేను చిన్నాయన దగ్గరికి చేరాను.

అక్కడా ఎన్నాళ్ళో సాగలేదు. జనరేటరుకు డీజిలు అయిపోయి మోటారు ఆగింది. ట్యాంకులో ఉన్న నీళ్ళే నీళ్ళు. గడ్డి తెచ్చే బండి రావడం మానేసింది. మూడు వారాలకు చిన్నాయన దొడ్డి గేటు తెరిచి జింకలను బయటికి తోలాడు, ఎడారిలో ముళ్ళకంపైనా కొరుక్కుంటాయని. అవి పోయాయిగానీ, ఆ ఎండకు నీళ్ళెక్కడివి? రోజూ పొద్దున్నే కంచె బయటి తొట్టి దగ్గరికి వచ్చి నిలబడేవి. చిన్నాయన బకెట్టుతో ట్యాంకు నీళ్ళు తెచ్చి పోసేవాడు.

"మనకే ల్యావు గదా చిన్నాయనా" అన్నాను.

"నా వంతుది పోస్తాండాలే. నీది నీకు ఉండాది."

నిజంగానే ఆయన తాగేది తగ్గించుకున్నాడు. పెదవులు పగిలిపోయాయి. నాకు ఆయన మీద జాలి కలగలేదు, కోపం వచ్చింది. ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

రొట్టెల కోసం రోడ్డు మీదికి పోతే సైనికులు ఆపేవారు. వాళ్ళూ మాలాగే ఎండిపోయి ఉన్నారు. బస్రా మీదుగా జోర్డాన్ దాకా బస్సులు పోతున్నాయని అప్పటికే విన్నాను. ఆ కాపలా దాటితే కదా బస్సు. వాళ్ళలో ఒకడు, దేశంలో ఉండటానికి అనుమతిచ్చే నా ఇఖామా కార్డు చేతిలో పట్టుకుని, తోటలో తినడానికి ఏముందని అడిగాడు. మేకలను వాళ్ళు ముందే పట్టుకుపోయారు. ఏమీ లేదని చెప్పి రావచ్చు. నా మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు.

"గజాల్" అన్నాను, జింకలని. పొద్దున్నే నీళ్ళకు వస్తాయని వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. చూపిస్తే మా ఇద్దరినీ కాపలా దాటనిస్తానని వాడు మాటిచ్చాడు.

మర్నాడు తెల్లవారకముందే లేచి వెళ్ళి వాళ్ళను తీసుకొచ్చాను. చిటికెడు ఇసుక వదిలి గాలి చూశాను. వాసన జింకల వైపు పోకుండా, తొట్టికి ఏ పక్కన పొంచాలో చూసి నేనే కూర్చోబెట్టాను. అవి వచ్చి తలలు వంచేదాకా ఆగమని సైగ చేసిందీ నేనే. గుట్టల్లో ఒక దెబ్బకు ఒకటి పడేది. ఇక్కడ తుపాకులు ఆగకుండా మోగాయి. తొట్టి పగిలి నీళ్ళు ఇసుకలోకి పోయాయి.

చప్పుడుకు చిన్నాయన లుంగీతో పరుగెత్తుకొచ్చాడు. "వద్దు, వద్దు" అని తెలుగులోనే అరిచాడు. ఒకడు తుపాకి మడమతో తోస్తే కింద పడ్డాడు. నేను ట్యాంకు వెనక ఉన్నాను. అక్కడి నుంచి కదల్లేదు.

వాళ్ళు ఒక తొడ నాకు వదిలేసి మిగతావి బండికెత్తుకుని పోయారు. అప్పుడే వచ్చినట్టు ఆయన దగ్గరికి వెళ్ళాను. చిన్నాయన తొట్టి చుట్టూ మెల్లగా తిరుగుతున్నాడు. బూటు గుర్తుల నడుమ ఒక చెప్పు గుర్తు ఉంది. మడమ అరిగిన నా ఎడమ చెప్పు. ఆ గుర్తు దగ్గర ఆగి చాలాసేపు చూశాడు. తర్వాత కాలితో ఇసుక లాగి దాన్ని చెరిపేశాడు. నా వైపు చూడలేదు.

ఆ తొడ నేనే వండాను. ఆయన ఎండు రొట్టె నీళ్ళలో నానబెట్టుకున్నాడు. నేను కడుపునిండా తిన్నాను. రుచిగా ఉంది కూడా.

సైనికులు మాట తప్పలేదు, మమ్మల్ని పోనిచ్చారు. జోర్డాన్ డేరాల్లో పదిరోజులు ఉండి, విమానంలో బొంబాయికి చేరాం. మరుసటి ఏడు యుద్ధం ముగిశాక కఫీల్ ఇద్దరినీ మళ్ళీ పిలిపించాడు. ముందు కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. తర్వాత జింకల సంగతి అడిగాడు.

"నేనే గేటు తీసినా బాబా" అన్నాడు చిన్నాయన, తనకొచ్చిన అరబ్బీలో.

"నువ్వు తీశావా? సైనికులకు అమ్ముకున్నావా?"

"అమ్మల్యా. తీసినాను. సచ్చిపోయినాయి."

కఫీల్ నా వైపు తిరిగి, "నువ్వక్కడే ఉన్నావు కదా, ఏం జరిగింది?" అన్నాడు. చిన్నాయన నాకన్నా ముందే, "వానికేమీ తెల్దు బాబా, పండుకోనుండె" అన్నాడు. నేను టీ కప్పులోకి చూస్తూ తల ఊపాను. పేరు చెప్పాల్సిన వేళ అది. చెప్పలేదు.

"ఖలాస్" అన్నాడు కఫీల్, ఇక అయిపోయిందని. చిన్నాయన ఇఖామా రద్దయింది, వారంలో విమానం ఎక్కించారు. ఎయిర్‌పోర్టులో నా తల మీద చెయ్యి పెట్టి, "పని జాగర్తగా చేసుకో" అన్నాడు. నాకు డ్రైవరు ఉద్యోగం వచ్చింది. ఇల్లు కట్టాను, పిల్లలను చదివించాను. ఆయన ఊళ్ళో మెట్టచేను దున్నుకున్నాడు. తుపాకి మళ్ళీ పట్టలేదని విన్నాను.

నిరుడు సెలవుకు పోయినప్పుడు ఇక చెప్పేయాలనే పోయాను. పొద్దున్నే ఆయన పెసర చేని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కూతురు అప్పటికే నాతో మొరపెట్టుకుంది, జింకలు సగం చేను మేసినా నాయన తోలడని. పక్కన కూర్చుని, "చిన్నాయనా, కబ్ద్‌లో ఆ పొద్దు..." అన్నాను.

ఆయన చెయ్యి ఎత్తాడు, మాట్లాడొద్దని.

చేని అవతలి అంచున మూడు జింకలు కంపలోంచి తలలు బయటపెట్టాయి. ఆయన ఆపింది వాటి కోసమో, నా మాట వినలేకో, నాకు తెలియలేదు. ఇక తెలియదు. అవి ఒక్కొక్కటే మంచులో తడిసిన చేలోకి దిగి మేయసాగాయి. చిన్నాయన చెయ్యి అలాగే గాల్లో ఉంది. ముసలి చెయ్యి, అయినా దించలేదు.