మా వాకిట్లో గుల్‌ఖైరా

నిన్న పొద్దున్నే మా అబ్బాయి మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. జహనుమా బస్తీలో మా ఇంటి ముందున్న కాస్త మట్టినేల మీద సిమెంటు పోయించి కారు పెట్టుకుంటాడట. మేస్త్రీ సున్నంతో గీత గీసి, "గీ ఎండిన కట్టెల కోసం ఇంత జాగ ఇడిసిపెట్టిన్రా అమ్మా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కుర్చీ తెచ్చి ఆ గీత మధ్యలో వేసుకుని కూర్చున్నాను.

ఆ కట్టెలు మొన్నటి ఎండాకాలం పూసిన గుల్‌ఖైరావి. మన తరంవాళ్లు ఎరిగే ఉంటారు, గరుకైన ఆకులు, మందారంలా విప్పారే పువ్వు, మనిషెత్తు పెరిగే మొక్క. నాన్న ఉద్యోగం కోసం గోదావరి కాలవగట్టు వదిలి ఈ ఇంట్లో అద్దెకు దిగినప్పుడు, ఈ మొరం నేలను చూస్తేనే అమ్మకు ఏడుపొచ్చేది. పక్కింటి ఖాలా గోడ మీదుగా అందించిన గింజలు మొలిస్తే ఎంత మురిసిపోయిందో! నీళ్ల మధ్య పెరిగిన మనిషి కదా, వీధి కుళాయి దగ్గర కొట్లాడి తెచ్చిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, అన్నీ రెండు పూటలా వాటికే పోసేది. మొక్కలు మొదళ్లు కుళ్లి ఒరిగిపోయాయి. ఇదే అదనుగా, అద్దెకిచ్చిన ఇంటాయన వాకిట్లో షాబాదు బండలు పరిపిస్తానన్నాడు. ఈ ఊరికి మనం అక్కర్లేదు, నన్ను పుట్టింటికి పంపెయ్యమని అమ్మ నాన్నతో అంది. నిజంగానే వెళ్లిపోతుందని నేను భయపడ్డాను.

మళ్లీ గింజలిచ్చింది ఖాలాయే. "గన్ని నీళ్లు నక్కో చెల్లె. దూపైతే అదే కిందికి పోయి ఎతుక్కుంటది," అంది.

అమ్మకు నమ్మకం కుదరలేదు గాని పంతం వచ్చింది. ఇంకొక్క ఏడాది ఆగమని ఇంటాయనకు తెగేసి చెప్పి, మొక్కలు వేరూనేదాకా తడిపి, ఆపైన చెంబు ముట్టుకోలేదు. మిట్టమధ్యాహ్నం ఆకులు వాడిపోతే తానూ విలవిల్లాడేది, పొద్దువాలి అవి తేరుకుంటే తానూ తేరుకునేది. ఎండలు ముదిరే వేళకు గులాబీరంగు పూలు గోడ దాటి ఖాలా వాకిట్లోకి తొంగిచూశాయి. ఇంటాయన బండల మాట, అమ్మ పుట్టింటి మాట మళ్లీ ఎత్తలేదు. కొన్నాళ్లకు ఈ ఇల్లు మేమే కొనుక్కున్నాం.

ఇప్పుడు అమ్మ లేదు. ఖాలా ఇంటి చోట మూడంతస్తులు లేచాయి, మధ్య గోడ ఏ పువ్వూ దాటలేనంత ఎత్తయింది. మా వీధిలో మట్టి కనబడే వాకిలి మాదొక్కటే. తలచుకుంటే దిగులే, కానీ దిగులుపడి ఊరుకునే రకాన్ని కాను. మేస్త్రీ విసుక్కుని వెళ్లిపోయాడు, అబ్బాయి మూతి ముడుచుకున్నాడు. దసరా కూడా వెళ్లింది, గింజలు వేసే అదను. ఈ సాయంత్రం పళ్లెంలో ఆరబెట్టినవన్నీ తెచ్చి, సరిగ్గా ఆ సున్నపు గీత లోపలే చల్లాను.