ఆఖరి బంతి

నా చిన్నప్పుడు మా చుట్టాలిండ్లల్లో ఏ పెండ్లి జరిగినా తమ్ముణ్ణి భోజనాల ఆఖరి బంతిలోనే కూర్చోబెట్టేవారు. పుట్టుకతోనే వాడికి బుద్ధి ఎదుగుదల తక్కువ. నలుగురిలో మీద పోసుకుంటాడని పెద్దల సిగ్గు. చిన్న మేనత్త పెండ్లిలో ఆ బంతి వచ్చేసరికి అన్నం, కూరల గంజులు ఖాళీ అయ్యాయి. వాడు ఉత్త విస్తరి ముందు కూర్చొని, వడ్డించే చేతుల దిక్కే చూశాడు. "వానికేం తెలుస్తది, ఇంటికి పోయినంక పెడదాం తియ్" అన్నారు. ఏం తెలియదట! ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

ఆ సంగతి నోరు తెరిచి చెప్పింది మాత్రం నా తల నెరిశాకే, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో. మేం మచ్చ బొల్లారంలో ఉండేవాళ్లం. ఎవరో తిడుతున్నట్టు గొంతులు వినపడుతున్నాయని తమ్ముడికి మందులు పెట్టారు. గొంతులు తగ్గాయి, ఆకలి పెరిగింది. వెనకే షుగరు. కాలి పుండు మానలేదు. ఇట్లనే తింటే కాలు దక్కదన్నాడు డాక్టరు. మా ఇంటామె భయపడి వంటింటికి తాళం వేసింది. వాడు అలిగి మందులు ఉమ్మేశాడు. చుట్టాలేమో తిండిపోతని పేరు పెట్టారు.

షామీర్‌పేట దిక్కు తమ్ముడి లాంటివాళ్లు పగలంతా ఉండే ఒక చోటుకు వాణ్ణి తీసుకుపోయేవాణ్ణి. అక్కడికి కోస్తా పిల్ల ఒకామె, డైటీషియన్, సుచిత్ర చౌరస్తా దిక్కు నుంచి వచ్చేది. "ఇగ నువ్వు గూడ అన్నం బంద్ చెయ్యమనే చెప్తవు గదా బిడ్డా" అన్నాను కోపంగా.

"అన్నం సంగతి తర్వాత. చిన్నప్పుడు ఆయన ఎలా తినేవారో చెప్పండి బాబాయ్‌గారూ" అంది.

అట్లా అడిగినవాళ్లు అంతవరకు లేరు. ఆఖరి బంతి సంగతి చెప్పాను.

ఒక మధ్యాహ్నం ఆమె మా ఇంటికే వచ్చింది. ఈ ఆకలి మందుల వల్ల వచ్చింది, ఆయన తప్పు కాదు, అయినా మందులు ఆపొద్దని మా ఇంటామెకు నచ్చజెప్పి తాళం తీయించింది. జొన్నరొట్టెలు, గంజు నిండా పాలకూర పప్పు, సల్ల, కొద్దిగా అన్నం తమ్ముడి ముందు పెట్టించి, గంటె వాడి చేతికే ఇచ్చింది. "అందరికీ మీరే వడ్డించాలండీ" అంది.

వాడు మొదటి గంటె ఎత్తాడు. పప్పు చాప మీద పడింది. మా ఇంటామె తుడిచి, తన కంచం ముందుకు జరిపింది. అందరికీ వేశాక గంజులోకి తొంగి చూశాడు.

"అన్నా, ఇంక ఉన్నదే!"

వాడు మెల్లగా నములుతూ తినడం ఆ రోజే చూశాను.

పుండు మానడానికి నెలలు పట్టింది. నడుమ అన్నం కోసం కొట్లాడిన రోజులూ ఉన్నాయి. కానీ వంటింటికి మళ్లీ తాళం పడలేదు, కాలూ దక్కింది.

ఇప్పుడు ఏ పెండ్లికి పోయినా తమ్ముణ్ణి మొదటి బంతిలో, నట్టనడుమ కూర్చోబెడతాను. మీద పోసుకుంటే తుడుస్తాను. చూసేవాళ్లను చూడనీ. తిన్నాక "ఇంటికి పోదాం పా" అని వాడు చెయ్యి గుంజుతాడు. నేను కదలను. ఆఖరి బంతి లేచేదాకా గంజుల దగ్గరే నిలబడతాను.