సమాధానం చేబదుళ్లు

తాడిపత్రికి పడమటగా బండల గనుల మధ్య ఉన్న ఒక చిన్న పల్లెలో, పందొమ్మిదివందల యాభైల చివర్లో, సమాధానం అనే బండలపని మనిషి ఉండేవాడు. ఆ పేరు బాప్తిస్మంనాడు పాస్టరు పెట్టింది. బైబిల్లో సమాధానమంటే శాంతి. నీళ్లు నెత్తిన పడ్డది మొదలు గుడి కప్పు అదిరిపోయేలా ఏడుస్తున్న పసివాడికి, పేరు చూసైనా బుద్ధి వస్తుందని ఆ పెద్దాయన ఆశపడ్డాడట.

అయితే ఊళ్లో మామూలుగా సమాధానమంటే జవాబు. మనవాడు ఈ అర్థానికే కట్టుబడ్డాడు.

"ఏమప్పా, ఎండ జాస్తి ఉండాదే" అని ఎవరైనా పలకరిస్తే, "నీ ఒక్కని నెత్తిమీదే ఉండాదా?" అనేవాడు. "యాడికి పోతాండావన్నా?" అంటే "కాళ్లు యాడికి పోతే ఆడికి" అనేవాడు. బస్సులో కండక్టరు కాస్త జరగమంటే, బస్సునే జరపమనేవాడు. అతని పెళ్లాం ఎస్తేరమ్మ నవ్వుతూ అంటుండేది: "దేవుడు పిలిచిన పొద్దు కూడా ఈ మనిషి ఏదో ఒక ఎదురుమాట చెప్పి, ఇంకో పదేండ్లు ఈడనే ఉండిపోతాడు."

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ఆ పల్లెలో మట్టిగోడల గుడికి కప్పు మీది బండలూ కింది బండలూ అతను పరిచినవే. గుడి ముందు వేపచెట్టుకు గంటకు బదులు ఒక రైలుపట్టా ముక్క వేలాడుతుంటుంది. దాన్ని తాడిపత్రి నుంచి భుజాన మోసుకొచ్చింది కూడా అతనే. కాబట్టి ఆదివారం దాన్ని కొట్టే హక్కు తనదేనని అతని నమ్మకం. ఎవరూ కాదనలేదు, యోనా తప్ప.

యోనా ఎస్తేరమ్మ తమ్ముడు. ఇతనిది కూడా గనిలో పనే. రెండిళ్లకూ మధ్య ముళ్లకంపతో కట్టిన వెలుగే అడ్డం. మూడేళ్ల కిందట ఒక ఆదివారం సమాధానం మేక తప్పిపోయింది. అతను దాన్ని వెతుక్కుంటూ ఉండగా ప్రార్థనకు పొద్దెక్కిపోయింది. సరేలెమ్మని యోనా గంట కొట్టాడు. సమాధానం మేకను చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"నా గంట ఎవడు కొట్టమన్నాడ్రా నిన్ను?"

"నీ గంట యాడిది బావా? దేవునిది గదా!" అన్నాడు యోనా.

దానికి మించిన జవాబు సమాధానానికి తట్టలేదు. ఇంటికొచ్చి ఆలోచించాడు. మర్నాడు గనిలో ఆలోచించాడు. ఎంత ఆలోచించినా తట్టలేదు. గంట కొట్టినందుకు కాదు, ఆ మాట అంత బాగా కుదిరినందుకు అతనికి కడుపు మండింది. అప్పటినుంచి బావాబావమరుదులకు మాటల్లేవు. ఎస్తేరమ్మ మాత్రం కొంగుచాటున గిన్నెలు పెట్టుకుని వెలుగు సందులోంచి పుట్టింటికి తిరిగేది. అది సమాధానానికి తెలుసు. తెలియనట్టుండేవాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చెనక్కాయ చేలు కాయ పట్టకముందే ఎండిపోయాయి. జనం దిగులుగా ఉన్నారని పాస్టరు అయ్యగారు ఒక ఏర్పాటు చేశారు. క్రిస్మసుకు ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ ఆగమన కాలం, క్రీస్తు రాకకు మనసులు సిద్ధం చేసుకునే కాలం. ఆయన బస్సులో నెలకొకసారే వస్తారు కనుక, తాను లేని ఆదివారాలు పల్లెవాళ్లే వాక్యం చెప్పాలన్నారు.

"రెండో ఆదివారం విషయం శాంతి సమాధానాలు. అది మన సమాధానమే చెబుతాడు" అన్నారు.

ఆయన మొహంలో చిలిపితనం రవ్వంత కూడా కనబడలేదు. అందుకే అనుమానించాల్సింది. సమాధానం మాత్రం ఉబ్బిపోయాడు. అతనికి చదువు రాదు. సాయంత్రాలు ఎస్తేరమ్మ చదివి వినిపిస్తే, పగలు గనిలో సమ్మెట దెబ్బకొక మాట చొప్పున వల్లెవేసుకునేవాడు.

పక్కన పనిచేసే మారెప్ప చెవిన ఆ మాటలు పడ్డాయి. "ఏమన్నా, ఆదివారం నీ గురించి నువ్వే చెప్పుకుంటావంటనే?"

"నా గురించి కాదురా. శాంతి గురించి."

"అట్లయితే నిన్నెందుకు చెప్పమన్నారు?" అని మారెప్ప ఆశ్చర్యపోయాడు.

ఆదివారం వచ్చింది. సమాధానం ఉతికిన పంచె కట్టుకుని నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే బాగానే చెప్పాడు. "దేవదూతలు రాజుల కాడికి పోలేదు. మన లింగన్న మాదిరి గొర్రెలోళ్ల కాడికి వచ్చినారు. వాళ్లు సలికి ముడుచుకుని ఉండారు. భయపడాకండి, అందరికీ సంతోషం వచ్చింది, భూమ్మీద సమాధానం వచ్చింది అని చెప్పినారు. కరువులో ఉండేవాళ్లకే ముందు కబురు వచ్చినాది!" వెనక వరసలో యోనా గోడవైపు తిరిగి కూర్చున్నా, చెవి మాత్రం ఇటే ఉంది.

ముందు వరసలో సమాధానం అత్త, యోనా తల్లి రామక్క కూర్చుని ఉంది. బాప్తిస్మంలో ఆమెకు రాహేలు అని పేరు పెట్టారు కానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే పలకదు. ఆమె చెయ్యెత్తింది.

"అల్లుడా, బాగా చెప్పినావు నాయనా. ఆ సమాధానం ఆకాశం నుంచి వచ్చినాదంటివి. వచ్చి యాడ దిగినాది? మన కంప వెలుగుకు ఈ పక్కనా, ఆ పక్కనా?"

సమాధానం నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. పుట్టి బుద్ధెరిగాక రెండోసారి అతనికి జవాబు దొరకలేదు. ఎవరో కిసుక్కుమన్నారు. గుడంతా నవ్వింది. గోడవైపు తిరిగిన యోనా భుజాలు కూడా కదలడం అతనికి కనబడింది.

"ప్రార్థన చేసుకుందాం" అని చటుక్కున కళ్లు మూసుకున్నాడు. అంత పొడుగు ప్రార్థన ఆ గుడిలో అంతకుముందెప్పుడూ జరగలేదు. వానల కోసం, పశువుల కోసం, గుర్తొచ్చిన ఊళ్లన్నిటి కోసం ప్రార్థించాడు. భక్తి ఉందో లేదో కానీ, కళ్లు తెరిచే ధైర్యం లేదు.

తర్వాత రెండు రోజులు ఎవరు ఏమన్నా ఎదురు చెప్పలేదు. ఎస్తేరమ్మ భయపడి నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. అతని మనసు మాత్రం ఎక్కడో తిరుగుతోంది. పెళ్లయిన కొత్తలో యోనా గోచీ పెట్టుకుని తిరిగేవాడు. తిరునాళ్లకు వాణ్ని భుజాన ఎక్కించుకుని పోయింది తనే. ఉలి పట్టడం నేర్పింది తనే. వాడు మొదటి బండ సరిగ్గా చీల్చిననాడు వాడికన్నా ఎక్కువ ఎగిరింది తనే. ఇప్పుడు వాడి దగ్గు వెలుగు అవతలినుంచి వినబడితే, తగ్గిందా అని అడగడానికి లేదు.

మూడోనాడు లేచి వెలుగు చుట్టి యోనా ఇంటికి పోయాడు. యోనా గడపలో కూర్చుని ఉన్నాడు. సమాధానం దారంతా కూడబలుక్కున్న మాట ఒకటి, నోట వచ్చింది మరొకటి.

"గడ్డపార ఉండాదా?" అన్నాడు.

యోనా లోపలికి పోయి గడ్డపార తెచ్చిచ్చాడు. సమాధానం దాన్ని ఇంటికి తెచ్చి, తన గడ్డపార పక్కనే ఆనించాడు. మర్నాడు మళ్లీ పోయి జల్లెడ అడిగాడు. ఆ మర్నాడు తాడు. ఆ తర్వాత చేట. ప్రతిసారీ అసలు మాట చెప్పాలనే పోవడం, ఏదో ఒక వస్తువు మోసుకుని రావడం. యోనా పెళ్లాం కదిరమ్మ ఉండబట్టలేక అడిగింది: "అన్నా, మీ ఇంట్లో సామాన్లకు ఏమొచ్చినాది? దొంగలు గాని పడినారా?"

"ఉండాయమ్మా. చాల్లేదు" అన్నాడు సమాధానం తల దించుకుని.

ఎస్తేరమ్మకు ఇంట్లో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. ఒకరోజు అతను యోనా ఇంటి రోకలి కూడా భుజాన వేసుకుని వచ్చేసరికి ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది.

ఆ సాయంత్రం యోనాయే వచ్చాడు. వాకిట్లో నిలబడ్డాడు.

"బావా, మా ఇంట్లో ఇంక మా అమ్మ ఒకతే మిగిలినాది. ఆమెను గూడా పిల్చుకోని పోతావా? నీకేం కావల్లనో చెప్పు."

సమాధానం నేల చూశాడు. "గంట... నువ్వు కొట్టుకోరా. నాకొద్దు."

"గంటా!" యోనా ఒక అడుగు ముందుకొచ్చాడు. "ఆ గంట నాకెందుకు బావా? ఊళ్లో అందర్నీ తిడతావు. బస్సోణ్ని తిడతావు, మేకను తిడతావు. మూడేండ్ల నుంచి నన్ను మాత్రం ఒక్క మాట తిట్టలేదు. నేనేం పరాయోణ్ణా?"

సమాధానం తలెత్తాడు. తర్వాత మొదలుపెట్టాడు. పొగరుబోతా అన్నాడు, గుడిలో గోడ చూసుకుంటా కూచునే సన్నాసీ అన్నాడు, ఆ దగ్గుకు కషాయం తాగాలని ఎవరైనా చెప్పాల్నా అన్నాడు, పస్తున్నోని మాదిరి చిక్కిపోయినావేందిరా అన్నాడు. కొట్టుకుంటున్నారేమోనని ఎస్తేరమ్మ పరుగెత్తుకొచ్చి చూస్తే, తిట్టేవాడి కళ్లలో నీళ్లు, తిట్లు తినేవాడి మొహాన నవ్వు. ఆమెకు కూడా చెరో తిట్టు తిట్టాలనిపించింది. కానీ అంతలో కదిరమ్మ తన జల్లెడ కోసం వచ్చింది.

ఆగమన కాలం ఆఖరి వారం పల్లెవాళ్లంతా పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగారు. యోనా గొంతెత్తాడు, సమాధానం తప్పెట వాయించాడు. ఇళ్లు అయిపోయినా ఇద్దరికీ ఆపబుద్ధి కాలేదు. పొద్దు గుంకుతుండగా ఊరిబయట లింగన్న గొర్రెల దొడ్డి దాకా నడిచారు. లింగన్న కంబళి కప్పుకుని బయటికొచ్చాడు.

"ఏందన్నా విశేషం? ఇంత కరువులో ఇంత కుశాలగా ఉండారే!"

అలవాటు కొద్దీ సమాధానం నోరు తెరిచాడు. మళ్లీ మూసుకుని, మోచేత్తో యోనాను పొడిచాడు. "నువ్వు చెప్పురా."

యోనా గొర్రెల కాపరుల కథ ఎత్తుకున్నాడు. తడబడ్డాడు. దేవదూతల కంటే ముందు ఒంటెల మీది జ్ఞానుల్ని తెచ్చాడు. సమాధానం పెదవి కొరుక్కుని చాలాసేపు ఓర్చుకున్నాడు. ఒంటెల దగ్గర మాత్రం తట్టుకోలేక, "ఒంటెలు ఇప్పుడే రావురా, తర్వాత వస్తాయి" అన్నాడు.

"రానీలేన్నా, ఎప్పుడొస్తే ఏమి" అని లింగన్న నవ్వి, చెంబునిండా గొర్రెపాలు పిండి తెచ్చాడు. బావాబావమరుదులు అక్కడే కూర్చుని ఒకే చెంబుతో తాగారు.