మైకులో పంచిన పిడికెడు బియ్యం

నా చిన్నప్పుడు మా పేటలో గుడికి, అంటే చర్చికి, వెళ్లే ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. అన్నానికి బియ్యం కడిగే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేవారు. ఇంట్లో గంజితో సరిపెట్టుకునే పూట మా అమ్మ పిడికిలి కాస్త చిన్నదయ్యేదేమో గాని, వెయ్యడం మాత్రం మానేది కాదు. ఆదివారం ఆ బియ్యాన్ని గుడ్డసంచిలో పోసుకుని గుడికి తెచ్చి, ముందు పెట్టిన పెద్ద గంపలో కుమ్మరించేవారు. సన్నబియ్యం, దంపుడు బియ్యం, నూకలు అన్నీ అందులో కలిసిపోయేవి. ఎవరు ఎంత తెచ్చారో ఎవరికీ తెలిసేది కాదు, తెలుసుకోవాలని ఎవరూ అనుకునేవారు కాదు.

ఆరాధన అయ్యాక మా ఇంటికి చేరే ఆ గంప బాధ్యత మాతోనే ఉండే మా పెద్దమ్మది. నాన్నగారి అన్నభార్య. చిన్నవయసులోనే భర్త పోతే మిషను బడిలో నాలుగక్షరాలు నేర్చుకుని, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పే పనిలో కుదిరింది. పొందూరు నేత తెల్లచీర, చంకలో సంచి. ఏ వేళప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ఎవరికీ వింతగా ఉండేది కాదు. ఒకరింట్లో ప్రార్థన, ఒకరింట్లో బాలింతను పలకరించడం, ఇంకొకరింట్లో అత్తాకోడళ్ల గొడవ తీర్చడం. ఆ తిరుగుడులోనే గంపలోని బియ్యం కొన్ని వంటిళ్లకు చేరిపోయేది. ఏ వంటిళ్లకని పిల్లలం అడిగితే, "నీకేటి పని" అని కసిరేది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నాకు ఒళ్లు మండుతోంది కాబట్టి. ఎందుకు మండుతోందో చెబుతాను. ముందు మా చిన్నాన్న సంగతి చెప్పాలి.

నాన్నగారి తమ్ముడైన మా చిన్నాన్నకు సినిమా పిచ్చి. కోటబొమ్మాళిలో డేరా టాకీసు వేస్తే పొలం పని ముగించుకుని గట్ల మీద నడిచి వెళ్లి చూసి, అదే దారిన నడిచి వచ్చేవాడు. హీరో జుట్టు ఎటు దువ్వితే ఈయన జుట్టూ అటే తిరిగేది. మనిషి మాత్రం మంచివాడు. ఎవరింట్లో చావు జరిగినా గొయ్యి తవ్వడానికి ముందు పార పట్టేది ఆయనే. తనను పెంచిన వదినంటే ప్రాణం. పెద్దమ్మ కూడా సినిమాలు చూడొద్దని ఏనాడూ అనలేదు. చేపలు తోముతూ ఆయన చేత కథంతా చెప్పించుకుని, ఆ హీరోయిన్ తల్లికి బుద్ధి లేదని తీర్పు ఇచ్చేది.

ఒక యేడు క్రిస్మస్‌కి చిన్నాన్నా, ఆయన జతగాళ్లూ కలిసి మా పేటకి మొదటిసారి మైకుసెట్టు తెప్పించారు. గుడి ముందు పందిరి వేసి, బల్లలు కలిపి స్టేజీ కట్టి, బాకాని తాటిచెట్టుకి ఎక్కించారు. మైకువాడి దగ్గర ఉన్నవన్నీ సినిమా రికార్డులే. అవే మోగుతుంటే ఊళ్లో మిగతా పేటల వాళ్లంతా కూడా వచ్చి పందిరి చుట్టూ చేరారు. పండగ పూట పిల్లల సరదా అని పెద్దమ్మ నవ్వుకుంది.

ఆరాధన అయింది. పాస్టరుగారు అక్కడ ముగించుకుని, తన కోసం కాచుకుని ఉన్న పక్క ఊరి సంఘానికి సైకిలు మీద వెళ్లిపోయారు. ఆయన అటు వెళ్లగానే చిన్నాన్న మైకు అందుకున్నాడు. అది మేం రోజూ వినే గొంతు కాదు, సినిమాలో దానధర్మాలు చేసే జమీందారు గొంతు.

"మన సంఘంలో దిక్కులేని బీద కుటుంబాలకు మన యవ్వనస్థుల చేతుల మీదుగా బియ్యం ఇయ్యబడును. పేరు పిలిచినవారు స్టేజీ మీదికి రావలెను" అన్నాడు.

పెద్దమ్మ గంపలో ఉండాల్సిన బియ్యం స్టేజీ మీద సంచుల్లో ఎందుకుందో మాకు అప్పుడు అర్థమైంది. పేర్లేమో, తామూ సాయం చేస్తామని చెప్పి పాస్టరుగారి దగ్గర రాబట్టారట. ఆయన నమ్మి చెప్పారట.

మొదటి పేరే మా పేట చివరింట్లో ఉండే, పిల్లలమంతా పిన్ని అని పిలిచే ఆవిడది. చనిపోయిన భర్త పేరుతో కలిపి మరీ పిలిచాడు. ఆ వానాకాలంలోనే ఆయన పొలంలో పాము కరిచి పోయాడు. పిన్ని నాట్లకీ కోతలకీ పోయి కూతుర్ని బడికి పంపేది. ఆ పిల్ల బళ్లో నా పక్కనే కూర్చునేది. మా అందరి లాగే పిన్ని కూడా ప్రతి ఆదివారం సంచి తెచ్చి గంపలో కుమ్మరించేది. ఆమె పొయ్యి దగ్గరికే గంపలోని బియ్యం తిరిగి వెళ్తోందని మాలో ఎవరికీ తెలియదు. నలుగురికీ తెలిసిన రోజున పేట విడిచి అన్నగారి పంచకు పోతానని ఆమె పెద్దమ్మకు ముందే చెప్పిందట. ఆ అన్న ఎలాంటివాడో, అక్కడికి పోతే ఆ పిల్ల చదువు ఏమవుతుందో పెద్దమ్మకు తెలుసు. మాకు ఇదంతా చాలా కాలం తర్వాత తెలిసింది.

పిన్ని లేవలేదు. చాప అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆమె కూతురు నా వైపు ఒకసారి చూసి తల దించేసుకుంది. పందిరి చుట్టూ ఉన్నవాళ్లు తలలు తిప్పి ఎవరా అని వెతుకుతున్నారు. బాకా మోత కళ్లాల దాకా వినిపిస్తోంది. చిన్నాన్న మళ్లీ పిలిచాడు. "సిగ్గుపడకమ్మా, రా" అని కూడా అన్నాడు. మైకువాడు తన వంతు సాయంగా ఏదో ఏడుపు పాట రికార్డు సన్నగా పెట్టాడు.

అప్పుడు లేచింది మా పెద్దమ్మ. చాపల మధ్య నుంచి నడిచి, స్టేజీ ఎక్కి, చిన్నాన్న ముందు కొంగు చాపి నిలబడింది. ఆవిడ ముఖం అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. భయమేసి అమ్మ చీర పట్టుకున్నాను.

"పొయ్యి" అంది.

"నీది కాదొదినా" అని చిన్నాన్న గొణిగాడు. ఆ గొణుగుడు కూడా మైకులో ఊరంతా విన్నది.

"ఏల కాదు? నానూ మొగుడు పోయినదాన్నే గదేటి. పొయ్యి."

ఆయన సంచి వంచి పోశాడు. ఆవిడ కదల్లేదు. "ఇప్పుడు మీయమ్మ పేరు పిలు. మీ నడిపొదిన పేరు పిలు. వరసగా అందర్నీ పిలు. ఈ పేటలో దేవుడి కాడ సెయ్యి సాపనోళ్లు ఎవులైనా ఉంటే సెప్పు, ఆళ్లని ఒగ్గీ" అంది.

చిన్నాన్నకు పిలవక తప్పలేదు. నాన్న వాళ్లమ్మ, మా మామ్మ, కర్ర పట్టుకుని లేచింది. నడిపొదిన అంటే మా అమ్మే, ఆవిడా లేచింది. ఆ తర్వాత పేరు పిలిచేదాకా ఎవరూ ఆగలేదు. రెండెకరాల వాళ్లూ, బడి పంతులుగారి భార్యా, అందరూ కొంగులు చాపి వరస కట్టారు. రోడ్డు మీద కొట్టు పెట్టుకున్న ఆవిడ మా గుడి మనిషి కాదు, పాటలు వినడానికి వచ్చింది. ఆవిడ కూడా "మరి నాకు పొయ్యరేటి" అంటూ వరసలో దూరింది. ఆ గుంపు మధ్యలో, మా అమ్మ వెనకాల, చివరింటి పిన్ని కూడా కొంగు చాపింది. సంచులు అడుగంటుతుంటే చివర్లో గుప్పెళ్లతో పోశారు. మైకువాడు పాట ఎప్పుడు ఆపాడో నేను గమనించలేదు.

చీకటి పడకముందే ఆ బియ్యమంతా ఒక్కొక్క కొంగులో మా పెరటి గుమ్మం గుండా తిరిగి గంపలోకి వచ్చేసింది. కొందరు తీసుకెళ్లిన దాని కంటే ఎక్కువే తెచ్చారనుకుంటాను. మర్నాడు పెద్దమ్మ ఎప్పట్లాగే సంచి చంకన పెట్టుకుని బయలుదేరింది. పిన్ని పేట విడిచి పోలేదు. బడి తెరిచాక ఆ పిల్ల నా పక్కనే కూర్చుంది.

చిన్నాన్న మాత్రం ఆ పూట పండగ అన్నం తినకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తాను చేసింది మంచి పనే కదా అని ఆయన బాధ. పెద్దమ్మ కంచం తీసుకెళ్లి పక్కన కూర్చుంది. బుజ్జగిస్తుందనుకున్నాను. ఆవిడ కోపం ఇంకా దిగలేదు.

"సినిమాలో హీరో ఒకడే ఉంటాడురా. ఆడు గొప్పోడని తెలియాలంటే ఎదురుగా ఒక బీదది ఏడవాలి. నీ గొప్పకి దాన్ని ఏడిపిస్తావేటి? ఇక్కడ ఆ సోటు ప్రభువు ఒకాయనదే. ఆయనా పశువులశాల్లో పుట్టినాడు. నీకు కాళీ నేదు. లెగు, అన్నం తిను."

ఆయన లేచి తిన్నాడు. సినిమాలు మానలేదు గాని, మైకు మాత్రం మళ్లీ పట్టుకోలేదు. వాక్యం చెప్పే నీకు అంత కోపమేమిటని ఆ రాత్రే నేను ఆవిణ్ణి అడిగాను. నేల మీద రాలిన గింజలు ఏరుతూ, "ఆయనకి రానేదేటి? గుళ్లో యాపారం సేసినోళ్ల బల్లలు తిరగేసినాడు" అంది.

ఇప్పుడు నా మంట సంగతి. నేను శ్రీకాకుళంలో కొడుకు దగ్గర ఉంటున్నాను. పోయిన క్రిస్మస్‌కి మా గుడిలో దుప్పట్లు పంచారు. పంచారంటే, సినిమా తీశారు. గుండ్రటి లైటు ఒకటి, ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్లు. మా వీధి ఊడ్చే ముసలావిడకు ఒక అబ్బాయి దుప్పటి కప్పాడు. సరిగ్గా రాలేదట, తీసి మళ్లీ కప్పాడు. "బామ్మా, కళ్లు తుడుచుకున్నట్టు చెయ్యి" అన్నారు. చలికాలం, దుప్పటి కావాలి, పాపం చెప్పినట్టల్లా చేసింది. నేను వెళ్లి ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టాను. ఫోను పట్టుకున్నది నా మనవడే. "షాట్ పోయింది మామ్మా" అన్నాడు. పెద్దావిడకు బీపీ పెరిగింది, కూర్చోబెట్టండి అని సంఘపెద్ద ఒకాయన నవ్వాడు.

ఇంటికొచ్చాక మనవడు నాకు నచ్చజెప్పాడు. ఇలా పెడితేనే నలుగురూ చూస్తారట, చూస్తేనే ఇస్తారట. అబద్ధమని అనను. ఆ వీడియో చూసి ఎవరో ఇంకొన్ని దుప్పట్లు పంపారు కూడా. కానీ ఆ ముసలావిడ తడి లేని కళ్లు తుడుచుకోవడం, వెనక హీరో నడిచొచ్చే పాట, ఈ రోజుకీ ఊరందరి ఫోన్లలో తిరుగుతున్నాయి. ఉదయం చీపురు పట్టుకుని వచ్చినప్పుడు ఆవిడ మా గేటు వైపు చూడదు. ఒక దుప్పటి ఇచ్చి ఆవిడ ముఖం తీసేసుకున్నారు. అదీ పశువులశాలలో పుట్టినాయన పేరు చెప్పి.

పడుకోబోయే ముందు నా కోపాలన్నీ దేవుడి ముందు పెట్టి, తీసెయ్యమని అడగడం నాకు అలవాటు. కోడలి మీద కోపం, పెన్షను ఆఫీసు గుమాస్తా మీద కోపం, మాట వినని మోకాళ్ల మీద కోపం, అన్నీ వరసగా చెప్పుకుంటాను. చాలావరకు తెల్లారేసరికి తగ్గుతాయి. ఈ ఒక్కదాన్ని మాత్రం తీసెయ్యమని నేను ఇంతవరకూ అడగలేదు. అడగను కూడా.